కాలి వేళ్లకు స్వేచ్ఛ!

*మడమ కింద ఎత్తు లేదు. అరికాలి కింద దిండు లేదు. ముందుభాగం మాత్రం వెడల్పు. వందేళ్లుగా కాన్వాస్ బూట్లు చేస్తున్న స్పెయిన్ సంస్థ ఇప్పుడు ఇలాంటి ‘బేర్‌ఫుట్’ బూట్లు కుడుతోంది. కాలికి తగ్గ బూటు ఎలా ఉండాలన్న ఆ చర్చ మన పిల్లల స్కూలు బూట్ల దాకా వస్తుంది.*

దక్షిణ స్పెయిన్‌లో గ్రనాడా ప్రాంతం. మధ్యధరా సముద్రానికి దగ్గర్లో అల్బున్యోల్ అనే చిన్న ఊరు. ఊరికి కాస్త ఎడంగా కొండల మధ్య నిటారు లోయ, ఆ లోయ గోడలో ఓ గుహ. లోపలంతా గబ్బిలాలు. వాటి రెట్ట పొలాలకు మంచి ఎరువు కాబట్టి మొదట ఆ గుహ ఎక్కింది వ్యవసాయదారులు. 1857లో సీసం ఖనిజాన్ని వెతుక్కుంటూ గని కార్మికులు వచ్చారు. అడ్డంగా ఉన్న బండలు తొలగించి లోపలికి దూరినవాళ్లకు ఎండిపోయిన మనుషుల దేహాలు కనిపించాయి. చుట్టూ గడ్డితో అల్లిన బుట్టలు, కొయ్య సామాన్లు. ఒక దేహం తలకు బంగారు పట్టీ. ఖనిజం కోసం వచ్చినవాళ్లకు గడ్డి సామానుతో ఏం పని? దొరికినవాటిలో చాలా భాగం చెల్లాచెదురైపోయింది.

పదేళ్ల తర్వాత మాన్వెల్ దె గోంగొరా అనే పండితుడు అక్కడికి వెళ్లాడు. చూసినవాళ్లను అడిగి, మిగిలినవి ఏరి, ఆ వివరాలన్నీ 1868లో పుస్తకంగా వేశాడు. ఆయన ఏరినవాటిలో ఎస్పార్టో అనే మొండి గడ్డితో అల్లిన చెప్పులున్నాయి. 2023లో స్పెయిన్ పరిశోధకులు వాటి వయసు తేల్చారు. కొన్ని బుట్టలు 9,500 ఏళ్ల నాటివి. చెప్పులు సుమారు 6,000 ఏళ్ల నాటివి. యూరప్‌లో ఇప్పటిదాకా దొరికిన పాదరక్షల్లో అతి పాతవి ఇవే.

దగ్గరగా చూస్తే వాటి పనితనం అర్థమవుతుంది. గడ్డిని దంచి మెత్తబరిచి అడుగు అల్లారు. బొటనవేలికీ పక్కవేలికీ మధ్య నుంచి వచ్చేలా చిన్న నార పోగు పెట్టారు, మన చెప్పుకి పట్టీ ఉండే చోటే. దాన్ని మధ్యలోని జడతాడుకి కలిపి చీలమండకు కట్టుకునే ఏర్పాటు చేశారు. అడుగంతా ఒకే మందం. కొన్ని బాగా అరిగిపోయి ఉన్నాయి. కొన్ని అసలు తొడిగినట్టే లేవు. పోయినవాళ్ల ప్రయాణం కోసం ఎవరో కూర్చుని కొత్తగా అల్లారన్నమాట.

అదే స్పెయిన్‌లో ఇప్పుడు పిల్లల బూట్ల దుకాణానికి వెళితే ‘బేర్‌ఫుట్’ అని రాసిన అర విడిగా కనిపిస్తుంది. ఉత్తకాళ్లతో నడిచినట్టే ఉండాలని చేసిన బూట్లవి. చిన్నచిన్న కొత్త సంస్థలు మొదలుపెట్టిన ఈ దారిలోకి పాత సంస్థలు కూడా వచ్చాయి. వాటిలో ఒకటి విక్టోరియా.

భార్య పేరు పెట్టిన బూటు

ఉత్తర స్పెయిన్‌లోని లా రియోహా ప్రాంతం ద్రాక్ష తోటలకు, వైన్‌కు ప్రసిద్ధి. బూట్లకు కూడా. అక్కడి అర్నేదో పట్టణానికి బూట్ల ఊరనే పేరుంది. సొంతంగా ఓ బూట్ల మ్యూజియమే పెట్టుకుంది. ఆ ప్రాంతంలోనే 1915లో గ్రెగోరియో హిమెనెస్ అనే ఆయన ఓ చిన్న తయారీశాల మొదలుపెట్టాడు. తన భార్య విక్టోరియా పేరే దానికి పెట్టుకున్నాడు. మొదట చేసింది అల్పర్గాతాలు, అంటే నార అడుగు, గుడ్డ పైభాగం ఉండే పల్లెటూరి చెప్పులు. తర్వాత రబ్బరు అడుగుతో కాన్వాస్ బూట్లు వచ్చాయి. ‘ఇంగ్లెసా’ అని పిలిచే ఆ సాదా కాన్వాస్ బూటుతో పెరిగిన పిల్లలు స్పెయిన్‌లో తరాల తరబడి ఉన్నారు. అమ్మమ్మ తొడిగింది, అమ్మ తొడిగింది, ఇప్పుడు మనవరాలు తొడుగుతోంది.

ఆ విక్టోరియానే ఇప్పుడు పిల్లలకూ పెద్దలకూ బేర్‌ఫుట్ వరుస తెచ్చింది. కాన్వాస్ అదే, రంగులు అవే. మారింది లోపలి కొలత. ముందుభాగం వేళ్ల వెడల్పుకి విచ్చుకుంది, అడుగు పలచబడింది, మడమ నేలకు దిగింది.

ఒక కంపెనీ కొత్త మోడల్ తెస్తే ఆదివారం అనుబంధంలో ఇంత చోటు అక్కర్లేదు. బూటు ఆకారానికి కాలే సర్దుకోవాలన్న అలవాటు ఒకటి లోకంలో స్థిరపడిపోయింది. ఆ బూట్లు కుట్టి పెద్దవైన సంస్థలే దాన్ని తిరగేసి, కాలిని చూసి బూటు కుట్టాలని ఒప్పుకుంటున్నాయి. చెప్పుకోవలసింది అదీ.

నార చుట్ట, పొడవు సూది

అల్పర్గాతా ఎలా తయారవుతుందో తెలిస్తే ఈ మార్పు వాళ్లకు ఎందుకు పరాయిగా లేదో తెలుస్తుంది. ముందు నారను జడగా అల్లుతారు. ఒకప్పుడు ఎస్పార్టో గడ్డి, జనుము. తర్వాత ఎక్కువగా జనపనార. ఆ జడను పొట్టి బల్లమీద పాదం ఆకారంలో చుట్లు చుట్లుగా పరుస్తారు. చుట్లు విడిపోకుండా ఒక అంచు నుంచి రెండో అంచుకు పొడవాటి సూది దించి, దారం లాగి బిగిస్తారు. గట్టి నారలోంచి సూది దిగాలంటే అరచేత్తో నెట్టాలి, అందుకే చేతికి తోలు తొడుగు. అడుగు సిద్ధమయ్యాక వేళ్ల మీదికి ఓ గుడ్డ ముక్క, మడమకు ఓ ముక్క. కొన్నిటికి చీలమండ చుట్టూ కట్టుకునే నాడాలు.

కూలీలు ఇవే తొడిగారు, గని కార్మికులు ఇవే తొడిగారు. 1936 నుంచి 1939 దాకా సాగిన స్పెయిన్ అంతర్యుద్ధంలో సైనికుల కాళ్లకూ ఇవే. కతలోన్యా ప్రాంతంలో చేతులు పట్టుకుని వలయంగా ఆడే సర్దానా నృత్యానికి ఇప్పటికీ నాడాల అల్పర్గాతాలే కట్టుకుంటారు. మినోర్కా ద్వీపంలో రైతులు ఇంకో దారి పట్టారు. పాత టైరు ముక్క అడుగున వేసి, పైన తోలు పట్టీలు కుట్టుకున్నారు. ఆ అవార్కా చెప్పులు ఇప్పుడు ద్వీపం గుర్తుగా ప్రపంచమంతా అమ్ముడవుతున్నాయి.

వీటన్నిటిలో మడమకు ఎత్తు లేదు, పాదాన్ని మోసే గట్టి బిళ్ల లేదు. నేలకు సమానంగా నిలబడటమే పని. ఆ ఎత్తు తర్వాత వచ్చింది. 1970ల మొదట్లో పారిస్ ఫ్యాషన్ రూపకర్త ఈవ్ సాఁ లోరాఁ కతలోన్యాలోని కస్తాన్యెర్ కుటుంబాన్ని అల్పర్గాతాకు ఎత్తు మడమ పెట్టి చేయమని అడిగాడు. యుద్ధకాలంలో సైనికులకు చెప్పులు కుట్టి ఇచ్చిన ఇల్లది. కూలీల చెప్పు అలా మడమ ఎక్కి ఫ్యాషన్ వేదిక మీదికి వెళ్లింది. ఆ మడమ వల్లనే చాలామంది చేతివృత్తుల వాళ్లకు పని దొరికిందన్నదీ నిజమే. మూతబడే దశలో ఉన్న వృత్తిని ఫ్యాషన్ నిలబెట్టింది. కాకపోతే కాలికి సుఖమైన కొలత ఆ దారిలో జారిపోయింది.

మయోర్కా ద్వీపంలోని ఇన్‌కా పట్టణం కథ దీనికి పక్కదారి. 1877లో అంతోని ఫ్లుషా అనే చెప్పుల కార్మికుడు ఇంగ్లండ్ వెళ్లి, యంత్రాలతో బూట్లు చేసే పద్ధతి నేర్చుకుని ఊరికి తెచ్చాడు. ఆ కుటుంబంలోని లొరెంజో ఫ్లుషా 1975లో క్యాంపర్ అనే సంస్థ పెట్టాడు. నియంత ఫ్రాంకో చనిపోయిన సంవత్సరమది. దేశం ఊపిరి పీల్చుకుంటున్న రోజుల్లో క్యాంపర్ ఎంచుకున్న తొలి నమూనా మయోర్కా రైతులు టైరు ముక్కలతో, గుడ్డ పీలికలతో కుట్టుకున్న చెప్పు. ఆ సంస్థ పేరు చెబితే గుర్తొచ్చే గుండ్రటి ముందుభాగం బూట్లు పాదం గీతనే అనుసరించి గీసినవి. అంటే బేర్‌ఫుట్ మాట పుట్టకముందే స్పెయిన్‌లో కొందరి చూపు రైతు కాలి మీద పడింది.

> బేర్‌ఫుట్ బూటంటే ఏది?
>
> మడమ, వేళ్లు నేలకు ఒకే ఎత్తులో ఉండాలి. మామూలు రన్నింగ్ బూటులో మడమ భాగం వేళ్ల కంటే 10 నుంచి 12 మిల్లీమీటర్లు ఎత్తుగా ఉండటం సాధారణం. అడుగు పలచగా, చేత్తో చుట్టచుట్టగలిగేంత మెత్తగా ఉండాలి. ముందుభాగం వేళ్లు పరుచుకునేంత వెడల్పుండాలి. లోపల పాదం వంపును ఎత్తిపట్టే మెత్త ఉండకూడదు. ఈ నాలుగూ ఉంటేనే అది బేర్‌ఫుట్ బూటు. పేరు మాత్రమే అతికించి అమ్మేవీ బజార్లో చాలా ఉన్నాయి.

టెన్నిస్ బ్యాట్ సంచి కోసి...

ఈ తరహా బూటు కొత్త రూపం ఎక్కడ మొదలైందని అడిగితే ఒక దారి లండన్‌కు వెళుతుంది. టిమ్ బ్రెనన్ అనే డిజైన్ విద్యార్థికి టెన్నిస్ పిచ్చి. ఆడుతుంటే తరచూ చీలమండ బెణికేది. మందపాటి అడుగు వల్లే కాలు అదుపు తప్పుతోందని అనుమానించాడు. తన బూటు అడుగు కోసేసి, టెన్నిస్ బ్యాట్ సంచి ముక్కను కింద కుట్టుకుని ఆడాడు. ఆ ఆలోచనను పట్టుకున్నది గలహాడ్ క్లార్క్. 1825లో ఇంగ్లండ్‌లోని స్ట్రీట్ అనే ఊళ్లో వ్యాపారం మొదలుపెట్టిన క్లార్క్స్ బూట్ల కుటుంబంలో ఏడో తరం వాడు. దాంతో వచ్చిందే వివోబేర్‌ఫుట్. పాత బూట్ల ఇంటి వారసుడే ఇంటి పద్ధతిని పక్కన పెట్టి కొత్త కొలత పట్టుకోవడం అక్కడా జరిగింది.

అమెరికాలో ఈ ఊపు పరుగు నుంచి వచ్చింది. 2009లో క్రిస్టఫర్ మెక్‌డూగల్ రాసిన ‘బార్న్ టు రన్’ పుస్తకం మెక్సికో కొండల్లో టైరు చెప్పులతో మైళ్లకు మైళ్లు పరిగెత్తే రరామురి ప్రజల గురించి చెప్పింది. మరుసటి ఏడాది హార్వర్డ్ శాస్త్రవేత్త డేనియల్ లీబర్‌మన్ బృందం ‘నేచర్’ పత్రికలో ఓ పరిశోధన ప్రచురించింది. చిన్నప్పటినుంచీ బూట్లు లేకుండా పరిగెత్తేవాళ్లు ఎక్కువగా ముందుపాదం మీద దిగుతారనీ, మడమ నేలకు గుద్దుకునే దెబ్బ వాళ్లలో తక్కువనీ తేల్చింది. ఐదు వేళ్లకు ఐదు అరలున్న వైబ్రమ్ ఫైవ్‌ఫింగర్స్ బూట్లు విపరీతంగా అమ్ముడుపోయాయి.

ఆ వేగానికి దెబ్బ కూడా తగిలింది. ఆరోగ్యానికి మేలంటూ చేసిన ప్రచారానికి ఆధారాలు చాలవని కొనుగోలుదారులు కేసు వేశారు. 2014లో వైబ్రమ్ తప్పు ఒప్పుకోకుండానే 37.5 లక్షల డాలర్లకు రాజీ కుదుర్చుకుంది. పరుగు పిచ్చి చల్లారింది. నడకలో, ముఖ్యంగా నడక నేర్చుకునే పిల్లల బూట్లలో మాత్రం ఈ పద్ధతి వేళ్లూనుకుంది. స్పెయిన్‌లో దీన్ని మోసింది పెద్ద కంపెనీలు కావు, చంటిపిల్లల తల్లులు. బిడ్డకు తొలి బూట్లు కొనేటప్పుడు పాదం గీత గీసుకుని దుకాణానికి వెళ్లినవాళ్లు వాళ్లు. పాత సంస్థలను ఈ దారికి తెచ్చిందీ వాళ్లే అంటే అతిశయోక్తి కాదు.

> రోమ్ వీధుల్లో ఉత్తకాళ్లు
>
> 1960 రోమ్ ఒలింపిక్స్ మారథాన్‌లో ఇథియోపియా రన్నర్ అబెబె బికిలా బూట్లు లేకుండా పరిగెత్తి స్వర్ణం గెలిచాడు. సమయం 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లు. నాలుగేళ్ల తర్వాత టోక్యోలో బూట్లు తొడుక్కుని పరిగెత్తి మళ్లీ స్వర్ణం గెలిచాడు, అంతకంటే వేగంగా. ఉత్తకాళ్ల గొప్పతనానికి బికిలాను ఉదహరించేవాళ్లు రెండో సగం కూడా చెప్పాలి.

అచ్చు మారితే అంతా మారాలి

వెడల్పు పెంచి, అడుగు పలచన చేస్తే సరిపోదా? సరిపోదు. బూటుకి ప్రాణం అచ్చు. కొయ్యతోనో ప్లాస్టిక్‌తోనో చేసిన పాదం ఆకారం అది. దానిమీద గుడ్డనో తోలునో లాగి బిగించి, కింద అడుగు అతికిస్తారు. వందేళ్ల సంస్థలో గోడల నిండా ఉండేవి ఈ అచ్చులే. ప్రతి సైజుకీ ఎడమ, కుడి జత కావాలి. అచ్చు వెడల్పు మారిందంటే కత్తిరింపు కొలతలు మారతాయి, రబ్బరు అడుగు పోసే లోహపు మూసలు మారతాయి, పెట్టె సైజు కూడా మారుతుంది.

ఇంకో చిక్కు కంటికి కనిపించదు. మామూలు బూటు లోపల చాలా దాగి ఉంటుంది. మడమ వెనక గట్టి డిప్ప, వేళ్ల ముందు బిగువు ముక్క, మధ్యలో వంగకుండా ఆపే పలక, పైన మెత్త. ఇవన్నీ పాదాన్ని పట్టి ఉంచుతూనే కుట్టులో చిన్న లోపాలనూ కప్పేస్తాయి. వాటిని తీసేస్తే దాచుకోవడానికి చోటుండదు. పలచటి అడుగు నడకలో ప్రతిసారీ ఆ చివరి నుంచి ఈ చివరిదాకా వంగుతుంది. జిగురు బలంగా లేకపోతే నెలలోపే అంచు లేచిపోతుంది. లోపలి కుట్టు ఒక్కటి ఉబ్బినా చర్మానికి నేరుగా ఒరుసుకుంటుంది. సామాను తగ్గుతుంది, పనితనం పెరగాలి. వందేళ్ల అనుభవం ఉన్న చేతులకు ఇక్కడ విలువ వస్తుంది.

అందం మాటా ఉంది. మొనదేలిన బూటే నాజూకనుకోవడానికి మన కళ్లు అలవాటుపడ్డాయి. వెడల్పు ముందుభాగం చూడగానే చాలామంది మొహం చిట్లిస్తారు. విక్టోరియాలాంటి సంస్థకున్న బలం ఇక్కడే. చిన్నప్పటినుంచీ చూసిన కాన్వాస్ బూటే కాబట్టి కొత్త ఆకారం కూడా పరిచయమైనదిగానే కనిపిస్తుంది.

మిషన్ ముందు కూర్చున్న అమ్మలు

స్పెయిన్ బూట్ల కథలో ఎక్కువమంది వదిలేసే పేజీ ఒకటుంది. తూర్పు తీరంలో ఎల్చె, ఎల్దా పట్టణాలు బూట్లకు కేంద్రాలు. అక్కడ బూటు పైభాగం ముక్కలు కలిపి కుట్టే ఆడవాళ్లను అపరదోరాలు అంటారు. దశాబ్దాలుగా వాళ్లలో చాలామంది పని చేసింది ఇంట్లోనే. వంటింటి పక్క గదిలో కుట్టుమిషన్. సంచీలో ముక్కలు వస్తాయి, కుట్టి పంపాలి. జతకింత అని కూలి. కాగితం మీద పేరుండదు. ముప్పై, నలభై ఏళ్లు కుట్టి, నడుము పడిపోయి, చూపు మందగించాక పింఛను కోసం వెళితే పనిచేసినట్టు లెక్కల్లో లేదంటారు. గత దశాబ్దంలో ఎల్చెలో వీళ్లు సంఘం పెట్టుకుని వీధుల్లోకి వచ్చారు. సిరిసిల్ల, సోలాపూర్‌లలో ఇంట్లోనే బీడీలు చుట్టిన మన పద్మశాలి ఆడపడుచుల కష్టం తెలిసినవాళ్లకు ఈ కథ విడమరిచి చెప్పక్కర్లేదు.

వీళ్ల కూలి ఎందుకు పెరగలేదో అర్థం కావాలంటే చవక బూట్ల పోటీ చూడాలి. 2004 సెప్టెంబరులో ఎల్చెలో నిరసనకారులు చైనా వ్యాపారుల బూట్ల గోదాములకు నిప్పు పెట్టారు. అది సిగ్గుపడాల్సిన రాత్రి. బతుకుతెరువు పోతుందన్న భయం ఎదుటి వలసదారు మీద కోపంగా మారింది. 2006లో యూరోపియన్ యూనియన్ చైనా తోలు బూట్ల మీద 16.5 శాతం, వియత్నాం బూట్ల మీద 10 శాతం అదనపు సుంకం వేసింది. 2011లో ఎత్తేసింది. సుంకాలతో ఏ పరిశ్రమా ఎక్కువ కాలం నిలవదు. ధరలో గెలవలేనివాళ్లు పనితనంలో గెలవాలి. కొద్ది సంఖ్యలో, జాగ్రత్తగా కుట్టాల్సిన బేర్‌ఫుట్ బూటు స్పెయిన్ చిన్న తయారీశాలలకు అచ్చొచ్చింది అందుకే.

కానీ పాదాన్ని గౌరవిస్తున్నామని చెప్పుకునే బూటు దాన్ని కుట్టిన చేతినీ గౌరవించాలి. బ్రాండ్ పేరు స్పెయిన్‌ది అయినంత మాత్రాన కుట్టింది స్పెయిన్‌లోనని అనుకోనక్కర్లేదు. తయారైన దేశం పేరు లేబుల్ మీద చదవడం, కుట్టినవాళ్లకు ఏమిస్తున్నారని అడగడం కొనేవాళ్ల హక్కు.

మన దగ్గరి పాదాలు చెప్పిన సాక్ష్యం

ఈ చర్చలో గట్టి సాక్ష్యాలు కొన్ని మన దక్షిణ భారతం నుంచే వెళ్లాయన్న సంగతి చాలామందికి తెలియదు. కర్ణాటక తీరంలోని కస్తూర్బా వైద్య కళాశాల వైద్యులు ఉదయభాస్కర రావు, బెంజమిన్ జోసెఫ్ 4 నుంచి 13 ఏళ్ల మధ్య ఉన్న 2,300 మంది పిల్లల పాదముద్రలు తీసి 1992లో ఫలితాలు ప్రచురించారు. బూట్లు, చెప్పులు వాడే పిల్లల్లో చదునుపాదం 8.6 శాతం మందిలో, వాడని పిల్లల్లో 2.8 శాతం మందిలో కనిపించింది. ముందు మూసి ఉండే బూట్లు తొడిగేవాళ్లలో సమస్య ఎక్కువ. పాదం వంపు రూపుదిద్దుకునే వయసులో మూసిన బూటు దానికి అడ్డుపడుతోందని వాళ్ల అభిప్రాయం. 2009లో బెల్జియం పరిశోధకుడు క్రిస్టియాన్ దావూత్ బృందం దక్షిణ భారతంలో జీవితమంతా ఉత్తకాళ్లతో నడిచినవాళ్ల పాదాలను కొలిచింది. వేళ్ల దగ్గర వాళ్ల పాదం వెడల్పుగా ఉంది, బరువు పాదమంతా మరింత సమంగా పరుచుకుంటోంది.

పాదంలో 26 ఎముకలు, 33 కీళ్లు ఉన్నాయి. అవి కదలడానికే ఉన్నాయి. 2021లో బ్రిటన్‌లోని లివర్‌పూల్ విశ్వవిద్యాలయం పరిశోధనలో ఆరు నెలలపాటు రోజువారీ పనులకు పలచటి బూట్లు వాడినవాళ్ల పాదాల బలం సగటున 57.4 శాతం పెరిగింది. పరుగెత్తలేదు, వ్యాయామాలు చేయలేదు. నడిచారంతే.

రెండో వైపూ వినాలి. అమెరికాలోని బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయం 2013లో 36 మంది అనుభవజ్ఞులైన రన్నర్లను తీసుకుని, కొందరిని పది వారాల్లో ఐదు వేళ్ల బూట్లకు మార్చింది. మారినవాళ్లలో సగానికి పైగా మందికి పాదం ఎముకల లోపల వాపు కనిపించింది. నలభై ఏళ్లు మెత్త మీద నడిచిన కాలిని ఒక్కసారిగా నేలమీదికి దించితే అది ఒప్పుకోదు. మొదట ఇంట్లో, తర్వాత వీధి చివరిదాకా, ఆ తర్వాతే ఎక్కువ దూరం. పిక్క పట్టేస్తే ఆగాలి, నొప్పి పట్టుదలకు పరీక్ష కాదు.

> వీళ్లు తొడగకూడదు
>
> మధుమేహంతో అరికాళ్ల స్పర్శ తగ్గినవాళ్లకు పలచటి అడుగు ప్రమాదం. గుచ్చుకున్న ముల్లు తెలియదు, పుండు పడ్డా తెలియదు. వాళ్లకు డాక్టర్లు చెప్పే మెత్తటి ఎంసీఆర్ (మైక్రోసెల్యులర్ రబ్బరు) చెప్పులే సరైనవి. పాదాల ఆపరేషన్ అయినవాళ్లు, ఎముకలు గుల్లబారినవాళ్లు, మడమ నొప్పికి చికిత్సలో ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా బూటు మార్చవద్దు.

ఉత్తకాళ్లు అందరికీ ఒకటి కాదు

మనవైపు ఈ మాట రాసేటప్పుడు ఇంకో సంగతి దాటవేయకూడదు. తెలుగు పల్లెల్లో చెప్పులు తొడుక్కుని అగ్రకులాల వీధిలో నడవనివ్వని రోజులున్నాయి. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని తలవంచుకుని వెళ్లిన తాతలు ఎందరో. ఆ ఊరందరికీ కిర్రుచెప్పులు కుట్టి ఇచ్చింది మాదిగ చేతులే. చెప్పు వాళ్లకు గౌరవం, పోరాడి గెలుచుకున్న హక్కు. మే నెల ఎండలో కాలే తారురోడ్డు మీద, గాజు పెంకుల మధ్య, కొంకిపురుగులున్న తడిమట్టిలో చెప్పు రక్షణ కూడా. కాబట్టి ‘మా పూర్వీకులు ఉత్తకాళ్లతోనే నడిచారు’ అని మురిసిపోయే కబుర్లతో నాకు పొత్తు కుదరదు. మంచి చెప్పు అందరికీ కావాలి. ఆ చెప్పు కాలిని నొక్కకూడదు. అడుగుతున్నది ఇంతే.

మన ఇళ్లకున్న మంచి అలవాటు ఒకటి యూరప్‌లో చాలాచోట్ల లేదు. గుమ్మం దగ్గర చెప్పులు విప్పేస్తాం. పిల్లల పాదాలు ఇంట్లో ఉన్నంతసేపూ స్వేచ్ఛగానే ఉంటాయి. దెబ్బ పడేది బడిలో. ఉదయం తొడిగిన నల్ల బూటు సాయంత్రం దాకా విప్పరు. మొన సన్నగా, అడుగు బిరుసుగా ఉండే బూటు అది. ‘రెండేళ్లు రావాలి’ అని ఒక సైజు పెద్దది కొంటాం. పొడవు పెరుగుతుంది, వేళ్ల దగ్గర ఇరుకు మాత్రం అలాగే ఉంటుంది. పైగా మడమ జారకుండా బిడ్డ వేళ్లు ముడుచుకుని నడుస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ బడుల పిల్లలకు కిట్‌లో భాగంగా బూట్లు ఇస్తున్నారు. లక్షల జతలు ఒకేసారి చేయించేటప్పుడు ముందుభాగం కొంచెం వెడల్పు, అడుగు కొంచెం మెత్తన అని టెండరులో ఒక్క షరతు చేరిస్తే చాలు. స్పెయిన్ నుంచి ఖరీదైన బూట్లు తెప్పించుకోనక్కర్లేదు. కొలత తెచ్చుకుంటే చాలు.

ఈ సాయంత్రం మీ పిల్లల్ని పాత పేపరు మీద నిలబెట్టండి. రెండు కాళ్ల మీదా బరువు వేయించి పాదం చుట్టూ పెన్సిల్‌తో గీయండి. ఆ గీత మీద వాళ్ల స్కూలు బూటు పెట్టి చూడండి. వేళ్ల దగ్గర గీత బూటు దాటి బయటికి వస్తే, వచ్చే జత కొనేటప్పుడు ఆ కాగితం జేబులో పెట్టుకుని దుకాణానికి వెళ్లండి.